మట్టి గోడకు సిమెంటు చొక్కా

మన ఊళ్ళలో మట్టి గోడల ఇళ్ళు ఇంకా చాలా వున్నాయి. కొన్ని పెంకుటిళ్ళు. కొన్ని రేకుల ఇళ్ళు. రాయలసీమలో మట్టి మిద్దెలు. తాతలు కట్టిన గోడలు అవి. మూరెడు మందం వుంటాయి. ఎండాకాలం చల్లగా వుంటాయి. చలికాలం వెచ్చగా వుంటాయి.

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే చాలామంది ఒక పని చేస్తారు. ఈ మట్టి గోడలకు సిమెంటు పూయిస్తారు. తెలంగాణలో దీన్ని గిలాబు అంటారు. కోస్తాలో ప్లాస్టింగు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. మట్టికి సిమెంటు అంటుకోదు గనుక మేస్త్రి ముందు ఇనుప జాలీని మేకులతో కొడతాడు. దాని మీద సిమెంటు, ఇసుక కలిపి పూస్తాడు. ఇక ఏటేటా అలకనక్కర లేదు. గోడ నున్నగా వుంటుంది. రంగు వేసుకోవచ్చు. చుట్టాలు వస్తే పక్కా ఇల్లులాగే కనబడుతుంది.

మరి ఇందులో చిక్కేముంది?

రెండు మూడు వానాకాలాలు గడిచాక ఆ గోడను తట్టి చూడండి. అడుగు భాగంలో వేళ్ళ కణుపులతో తట్టండి. "టక్ టక్" మని గట్టిగా మోగితే ఫరవాలేదు. "డబ్ డబ్" మని డొల్లగా మోగితే పూత గోడను వదిలేసిందని అర్థం. మట్టికీ సిమెంటుకూ నడుమ సందు ఏర్పడింది. అది మనకు కనపడదు. ఆ సందులోకి రెండు చేరతాయి. ఒకటి చెమ్మ. రెండోది చెద.

ముందు చెమ్మ సంగతి చూద్దాం.

దీపంలో వత్తి వేస్తాం. నూనె కింద వుంటుంది. మంట పైన వుంటుంది. అయినా నూనె పైకి ఎక్కుతుంది. వత్తి పీల్చుకుంటుంది గనుక. గోడ కూడా అంతే. నేలలో తడి వుంటే గోడ దాన్ని పీల్చుకుంటుంది. మోకాలెత్తు వరకు, ఒక్కోసారి నడుమెత్తు వరకు చెమ్మ ఎక్కుతుంది. మట్టి గోడ అయినా, ఇటుక గోడ అయినా పీల్చకుండా వుండదు.

మరి తాతల నాడు గోడలు ఎందుకు నిలబడ్డాయి? పీల్చిన చెమ్మను అవి బయటికి వదిలేవి. దీనికి సాక్ష్యం మన ఇంట్లోనే వుంది. కొత్త కుండలో నీళ్ళు పోస్తే చల్లబడతాయి. ఎందుకని? కుండ చెమరుస్తుంది. ఆ చెమట గాలికి ఆరిపోతుంది. అందుకే నీళ్ళు చల్లబడతాయి. అదే కుండకు బయట పెయింటు వేసి చూడండి. చెమట పట్టదు. నీళ్ళు చల్లబడవు. మట్టి పూత, సున్నం పూత వున్న గోడ మామూలు కుండ లాంటిది. సిమెంటు పూసిన గోడ పెయింటు వేసిన కుండ లాంటిది. చెమ్మ లోపలికి వస్తూనే వుంటుంది. బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఇంకో ఇబ్బంది కూడా వుంది. మట్టి తడిస్తే ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుంటుంది. సిమెంటు అట్లా కదలదు. రెండింటికీ పొత్తు కుదరదు. కొన్నాళ్ళకు పూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. వాన జల్లు ఆ పగుళ్ళలో నుంచి లోపలికి దిగుతుంది. లోపలికి దిగిన నీరు పూత వెనక చిక్కుకుంటుంది. వాన రాకుండా వేసిన చొక్కానే వాన నీటిని దాచి పెడుతుంది.

ఒక ఇంటి ఇల్లాలు మేస్త్రిని ఇదే అడిగిందనుకోండి.

"ఏం మేస్త్రీ, నీళ్ళు పోకుండా సిమెంటు కొట్టావు గదా! మళ్ళీ గోడ లోపలి పక్క ఈ ఉప్పు ఎక్కడిది?"

"పెద్దమ్మా, అది పైనుంచి వచ్చిన చెమ్మ కాదు. కింద నుంచి వచ్చింది. బయటికి పోనియ్యలేదు గనుక లోపలికి వచ్చింది."

"అయితే లోపల కూడా సిమెంటు కొట్టు."

"కొడితే ఇంకా పైకి ఎక్కుతుంది పెద్దమ్మా."

ఈ మేస్త్రి మాట నిజం. అడుగున రెండు మూరలు మాత్రం సిమెంటు కొట్టి, అక్కడికి చాలులే అనుకునేవాళ్ళు వున్నారు. ఆ పూత అంచు దాటాక చెమ్మ బయటపడుతుంది. టైల్స్ అతికించినా అంతే. ఆయిల్ పెయింటు వేసినా అంతే. గోడ మీద తెల్లగా పొంగే ఉప్పు మట్టిలో నుంచి నీటితో పాటు వచ్చినదే. నీరు ఆరిపోతుంది. ఉప్పు మిగిలిపోతుంది.

చెమ్మ వల్ల నష్టం రంగు పోవడం ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర లేదు. ఎండిన మట్టిబెడ్డ మీద నిలబడండి. మన బరువు మోస్తుంది. అదే బెడ్డను రాత్రంతా నానబెట్టి నిలబడండి. ముద్దయిపోతుంది. గోడ అడుగు భాగం మీద ఇల్లంతటి బరువూ వుంటుంది. దూలాలు, వాసాలు, పెంకులు, పైగోడ అంతా దాని మీదే. ఆ అడుగు నానితే ఏమవుతుంది? ఏటా వానాకాలంలో పేపర్లో వార్త చూస్తూనే వున్నాం. రాత్రి గోడ కూలి నిద్రలో వున్నవాళ్ళు పోయారని. అట్లా కూలిన గోడలన్నీ సిమెంటు పూసినవి అనడం లేదు. చాలావాటికి ఏ పూతా వుండదు. కాని పూత లేని గోడ ముందుగా చెబుతుంది. అడుగున మట్టి రాలుతుంది. నల్లగా తడి కనబడుతుంది. పొట్ట ఉబ్బుతుంది. చూసి జాగ్రత్త పడతాం. సిమెంటు పూసిన గోడ ఆ మాట చెప్పనివ్వదు. పైకి నున్నగానే వుంటుంది.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. మట్టితో కట్టుకునే చోట వేరే దేశంలో కూడా వచ్చింది. అమెరికాలో న్యూమెక్సికో అనే రాష్ట్రం వుంది. మన అనంతపురం లాగా అక్కడ వాన తక్కువ. అక్కడ రాంచోస్ డి టావోస్ అనే పల్లె వుంది. ఆ పల్లెలో సుమారు 200 ఏళ్ళ నాటి చర్చి వుంది. దాన్ని పచ్చి ఇటుకలతో కట్టారు. ఊరివాళ్ళు మట్టి, గడ్డి కలిపి దానికి పూస్తూ వచ్చారు. 1967లో ఈ శ్రమ తగ్గుతుందని గోడలకు గట్టి సిమెంటు పూత వేశారు. పూత పగిలింది. నీరు లోపలికి దిగింది. లోపల పచ్చి ఇటుకలు నానిపోయాయి. చివరికి 1979లో ఆ సిమెంటునంతా ఊడబెరికి మళ్ళీ మట్టే పూశారు. ఇప్పటికీ ఎండాకాలంలో ఊరివాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళు కలిసి మట్టి తొక్కి పూస్తారు. సిమెంటుకు లోటు లేని దేశం అది. తెలిసే మట్టికి తిరిగి వెళ్ళారు.

ఆ దేశంలోనే చెక్క ఇళ్ళకు కూడా ఇట్లాంటి ముప్పు వచ్చింది. చెక్క చట్రం కట్టి, పైన నురుగు పలకలు పెట్టి, వాటి మీద సిమెంటు లాంటి పూత పూస్తారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో విల్మింగ్టన్ అనే ఊరు సముద్రం పక్కన వుంది. 1995 ప్రాంతంలో అక్కడి ఇళ్ళ గోడలు విప్పి చూశారు. అవి పాత ఇళ్ళు కావు. అయినా పూత వెనక చెక్క కుళ్ళిపోయి వుంది. కిటికీ అంచుల దగ్గర దిగిన వాన నీరు బయటికి పోలేక అక్కడే నిలిచింది. నురుగు పలకలను నేల లోపలి దాకా దించితే మరో ముప్పు. చెదలు వాటిని తొలుచుకుని ఎవరికీ కనపడకుండా చెక్క దాకా పోతాయి. అందుకే చెక్క ఇంటికి సిమెంటు పూత పూస్తే మట్టికి కనీసం 4 అంగుళాల పైనే ఆపాలని అక్కడ నియమం. లోపలి నీరు దిగిపోయే సందు కూడా అడుగున పెట్టాలి. మన పిల్లలు కొందరు ఇప్పుడు ఆ దేశంలో ఇళ్ళు కొంటున్నారు. కొనే ముందు చెదల పరీక్ష చేయించుకోవడం అక్కడ మామూలే.

ఇక చెద సంగతి.

తొలకరి వానలు పడగానే దీపం చుట్టూ రెక్కల పురుగులు మూగుతాయి. వీటిని ఉసిళ్ళు అంటాం. కొన్ని చోట్ల పట్టి వేయించుకుని తింటారు. ఉసిళ్ళు వేరే పురుగులు కావు. రెక్కలొచ్చిన చెదలే. తెల్లారేసరికి రెక్కలు రాలిపోతాయి. ఒక ఆడదీ ఒక మగదీ జత కట్టి తడి నేలలో దూరతాయి. అక్కడ కొత్త కాపురం మొదలవుతుంది. ఆ ఆడదే రాణి. దాని కడుపు వేలంత అవుతుంది. రోజుకు వేల గుడ్లు పెడుతుంది. చీమలు పుట్ట పెడతాయని మనం అంటాం. పొలం గట్టు మీద కనపడే పెద్ద పుట్టలు నిజానికి చెదలు కట్టినవి. మన వైపు చెదలు చాలావరకు పుట్ట లోపల బూజును పెంచుతాయి, రైతు పైరు పెంచినట్లు. కొరికిన చెక్కను ఆ బూజుకు వేస్తాయి. ఆ బూజే వానలకు పైకి లేస్తే పుట్టగొడుగు. పుట్ట మీద లేచే గొడుగు గనుకనే ఆ పేరు.

చెద ఒళ్ళు చాలా మెత్తన. ఎండ తగిలితే కాసేపట్లో ఎండిపోయి చస్తుంది. కాబట్టి దానికి మూడు కావాలి. చీకటి కావాలి. తడి కావాలి. తినడానికి చెక్క, గడ్డి, కాగితం, గుడ్డ లాంటివి కావాలి. బయట నడవాల్సి వస్తే మట్టితో సన్నని గొట్టం కట్టుకుని దాని లోపల నడుస్తుంది. గోడ మీద మట్టి తీగలాగా పాకి వుంటుందే, అదే దాని బాట.

ఇప్పుడు ఆ డొల్ల గోడను మళ్ళీ తలుచుకోండి. సిమెంటు పూత వెనక చీకటి వుంది. చెమ్మ వుంది. నేల నుంచి వాసాల దాకా సందు వుంది. చెద అక్కడ గొట్టం కట్టే పని కూడా లేదు. మనమే కట్టి పెట్టాం. గోరు పట్టని పగులు దానికి చాలు. ఆ దారిన పోయి ద్వారబంధం పడుతుంది. దూలం చివర గోడలో దిగిన చోట పడుతుంది. పైన రంగు అట్లాగే వుంటుంది. లోపల చెక్క తేనెపట్టులా అయిపోతుంది. ఒకరోజు గడియ పెట్టబోతే మేకులతో సహా ఊడి వస్తుంది. అప్పటిదాకా తెలియదు.

మట్టి పూతకు చెద పట్టదని కాదు. మట్టిలో గడ్డి వుంటుంది. అది కూడా తింటుంది. కాని మట్టి పూత మీద దాని బాట కంటికి కనపడుతుంది. అలికే ఆడవాళ్ళ చేతికి ముందు తగులుతుంది. పండక్కి గోడలు పూయడం ముస్తాబు కోసమే అనుకుంటాం. ఏడాదికొకసారి ఇంటి గోడనంతా చేత్తో తడిమి చూడడం అందులో వుంది. సిమెంటు వచ్చాక పోయింది ఆ చూపే అని నాకు అనిపిస్తుంది.

మరి ఏం చెయ్యాలి?

అన్నిటికంటే ముందు నీటిని చూడాలి. పూత తరవాత. మట్టి గోడను కాపాడాలంటే చూరు బాగుండాలి, కాలు పొడిగా వుండాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడి గుంట చేస్తున్నాయా? అక్కడ మట్టి పోసి గోడకు ఎదురుగా వాలు చెయ్యాలి. నీరు పారడానికి చిన్న కాలువ తియ్యాలి. స్నానాల చోటు, గిన్నెలు కడిగే చోటు, నీళ్ళ తొట్టి గోడను ఆనుకుని వుంటే జరపాలి. పైపు కారుతుంటే బాగు చేయించాలి. కట్టెలు, కంది కట్టె, గడ్డి వామి గోడకు చేరవేయొద్దు. అది చెదలకు మెట్లు వేసినట్లు.

ఈమధ్య ఊళ్ళలో ఇంకో ఇబ్బంది వచ్చింది. సీసీ రోడ్లు పోస్తున్నారు. పాత రోడ్డు మీదనే పోస్తారు. రోడ్డు ఎత్తవుతుంది. ఇల్లు పల్లమవుతుంది. వీధి నీళ్ళన్నీ గోడ కాళ్ళ దగ్గరికి వస్తాయి. ఇది ఒక ఇంటివాళ్ళు బాగు చేసుకోగలిగేది కాదు. రోడ్డు పోయకముందే గ్రామసభలో అడగాలి. పక్కన మురుగు కాలువ ఎక్కడ తీస్తారు, రోడ్డు ఎంత ఎత్తు వస్తుంది అని అడగాలి. పోసిన తరవాత అడిగితే ఎవరూ పలకరు.

ఇప్పటికే సిమెంటు పూసిన గోడ వుంటే కంగారుపడి పలుగు తీసుకుని కొట్టెయ్యొద్దు. ఏళ్ళ తరబడి నానిన గోడను ఆ పూతే పట్టి వుంచిందేమో! సంక్రాంతి వెళ్ళాక, ఎండలు మొదలయ్యాక ఈ పనికి దిగాలి. తెలిసిన మేస్త్రిని పిలవాలి. ముందు దూలాల కింద గుంజలు నిలబెట్టాలి. ఒక్క గోడ, అందులో ఒక్క భాగం తీసుకోవాలి. అడుగున మూరెడు ఎత్తు పూత తీసి ఆరనివ్వాలి. లోపల మట్టి వేలు పెడితే దిగిపోయేట్లు వుంటే ఆ గది ఖాళీ చేసి మరమ్మతు చేయించాలి. వానాకాలంలో అట్లాంటి గోడ పక్కన పిల్లల్ని పడుకోబెట్టొద్దు. వీధి వైపు గోడ అయితే వీధిలో వాళ్ళకు కూడా చెప్పాలి.

ఆరిన గోడకు మళ్ళీ ఏం పూయాలి? మట్టి, ఇసుక, వరిగడ్డి ముక్కలు, పేడ కలిపి నాలుగైదు రోజులు మురగబెట్టి, బాగా తొక్కి పూస్తే గోడకు అతుక్కుంటుంది. పైన సున్నం కొట్టాలి. మరీ జల్లు కొట్టే వైపు సున్నం, ఇసుక కలిపిన పూత మంచిది. పూర్వం ఎద్దులు తిప్పే గానుగలో సున్నం నూరేవాళ్ళు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళు. హైదరాబాదులో 1591లో కట్టిన చార్మినారు మీది పూలు, లతలు సున్నపు గచ్చుతో చేసినవే. సున్నం వానకు మట్టిలా కరగదు. సిమెంటులా చెమ్మను బంధించదు. ఇప్పుడు ఆ గానుగలు తక్కువ. పని తెలిసిన మేస్త్రులూ తక్కువే. వుంటే మాత్రం వదులుకోవద్దు.

ఏ పూత పూసినా గోడ మొదట్లో జానెడు మేర కనపడేట్లు వుంచండి. అక్కడ మన్ను పొయ్యొద్దు. సామాను పెట్టొద్దు. వానాకాలంలో వారానికొకసారి అక్కడ చూడండి. మట్టి తీగ కనపడితే నడిమధ్యలో బెత్తెడు గీకేయండి. మర్నాడు చూడండి. మళ్ళీ కట్టి వుంటే లోపల చెదలు తిరుగుతున్నాయన్న మాట. కట్టకపోతే దారి మార్చి వుండొచ్చు. ద్వారబంధం మీద కూడా తట్టి చూడాలి. ఇంట్లో ఒక మూల రాలిన రెక్కలు కుప్పగా కనబడితే పుట్ట దగ్గర్లోనే వుందని గుర్తు.

చెదకు మందు కొట్టాలంటే పాత పొడుల జోలికి పోవద్దు. ఒకప్పుడు గమాక్సిన్ పొడి ప్రతి ఇంట్లో చల్లేవాళ్ళు. అది బిహెచ్‌సి అనే విషం. 1997లో మన దేశంలో దాన్ని నిషేధించారు. ఆల్డ్రిన్ అనే మందును 1996లోనే నిషేధించారు. ఇవి మట్టిలో ఏళ్ళ తరబడి వుంటాయి. బావి నీళ్ళలోకి దిగుతాయి. పాలలోకి కూడా వస్తాయి. ఇప్పుడు వాడే మందులూ విషాలే. చేలో కొట్టే మందును తెచ్చి పడక గదిలో చల్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పని నేర్చిన మనిషి చేత, బావికీ బోరుకూ దూరంగా, నేలలోకి పోయించాలి. గోడ కాళ్ళు తడిగానే వుంటే మందు కొట్టినా చెదలు మళ్ళీ వస్తాయి.

కొత్తగా కట్టుకునేవాళ్ళకు పని తేలిక. కాల్చిన ఇటుక, సిమెంటుతో కట్టే గోడకు సిమెంటు పూత పూసుకోవచ్చు. రెండింటికీ పొత్తు కుదురుతుంది. కాని బేస్‌మట్టం మీద చెమ్మ ఆపే పొరను మానొద్దు. సిమెంటు, కంకర, నీరు పీల్చని మందు కలిపి గోడంత వెడల్పున పరిచే పలుచని పొర అది. గోడలు లేవక ముందే వెయ్యాలి. తరవాత వెయ్యడం చాలా కష్టం. ద్వారబంధాలకు చేవ వున్న కలప కొనండి. టేకులో కూడా చేవ చుట్టూ వుండే తెల్ల కలపను చెద తింటుంది. మేస్త్రి తెల్ల కలప వున్న గుమ్మం తెస్తే వెనక్కి పంపండి. ఇటుక గోడ అయినా పగులు వుంటే, పైపు దూరిన సందు వుంటే చెద వస్తుంది. ఆ సందులు మూయించండి.

కాగితాల మాట కూడా చెప్పాలి. 2021లో కృష్ణా జిల్లాలో ఒకాయన ఇల్లు కట్టుకుందామని ట్రంకు పెట్టెలో దాచుకున్న లక్షల రూపాయల నోట్లను చెదలు తినేశాయి. ఇనుప పెట్టే గదా అని నమ్మకం. మూత సందు చాలు వాటికి. మన పాసుపుస్తకాలు, పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు కూడా ఇట్లాగే పెట్టెల్లోనో, గోడ గూట్లోనో వుంటాయి. డబ్బు బ్యాంకులో వేసుకోండి. కాగితాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో పెట్టండి. పెట్టెను నేల మీద కాకుండా నాలుగు ఇటుకల మీద ఎత్తండి. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వుంచండి. వానాకాలంలో నెలకొకసారి మూత తీసి అడుగు దాకా చూడండి.